వినపడలేదని చెప్పడానికే ధైర్యం కావాలి

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా నర్సింగ్ చదువుతున్న పిల్లలవే. ఆసుపత్రి వార్డుల్లో పోస్టింగులు మొదలయ్యే రోజులు కాబోలు. నేనూ ఆ చదువే చదివి, కొన్నేళ్లు వార్డుల్లో చేసి, ఆ తర్వాత పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఈ నెల కాలమ్ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ ప్రశ్నలు పక్కన జాగ్రత్తగానే ఉన్నాయి.

ప్రశ్న: అక్కా, నేను రెండో సంవత్సరం. మొన్న వార్డులో బీపీ చూడమన్నారు. కఫ్ కట్టాను, స్టెతస్కోప్ పెట్టాను, ఏమీ వినపడలేదు. రెండోసారీ అంతే. పేషెంట్ నా ముఖమే చూస్తున్నాడు, ఇంకా పది బెడ్లు మిగిలున్నాయి. పొద్దున షీట్‌లో 120/80 ఉంటే నేను 118/80 అని రాసేశాను. ఎవరికీ తెలీదు, ఆయన బాగానే ఇంటికెళ్లాడు. కానీ అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నేను నర్సుగా పనికిరానా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. చేసింది తప్పే, చిన్న తప్పేం కాదు, ఆ ముక్క ముందే అనేస్తే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. షీట్‌లో మనం రాసే అంకె మన హోంవర్క్ కాదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ దాన్ని చూసే బీపీ మాత్ర ఇవ్వాలా, ఆపాలా అని తేల్చుకుంటారు. లోపల ఎక్కడైనా రక్తం పోతుంటే మామూలుగా ముందు నాడి వేగం పెరుగుతుంది, బీపీ ఆ తర్వాత పడుతుంది, అలా పడుతున్న బీపీని నీ 118/80 చక్కగా కప్పేస్తుంది. ఆయన బాగానే ఇంటికెళ్లాడంటే అది ఆయన అదృష్టం, నీది కూడా.

ఇక నా సంగతి చెప్తాను, నవ్వకు. నేను చదువుకునే రోజుల్లో బీపీ బాగానే చూసేదాన్ని కానీ రెస్పిరేషన్, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నారో, అది మాత్రం లెక్కపెట్టేదాన్ని కాదు. నిమిషం సేపు ఒకరి ఛాతీ వైపు చూస్తూ నిలబడడం నాకు చచ్చేంత సిగ్గు. అందుకని ఒకరికి 18, ఒకరికి 20, మళ్లీ 18 అని గీసుకుంటూ పోయేదాన్ని, పెద్దవాళ్లకి 12 నుంచి 20 దాకా నార్మల్ అని పుస్తకంలో ఉందిగా. ఒకరోజు రాత్రి డ్యూటీ సిస్టర్ షీట్లన్నీ వరసగా తిరగేసి, "ఏమ్మా, ఈ వార్డులో అందరూ ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నారా?" అంది. అంతే, ఇంకేం అనలేదు. నా చెయ్యి పట్టుకుని మూడో బెడ్ దగ్గరికి తీసుకెళ్లి, వాచీ నా చేతిలో పెట్టి, లెక్కపెట్టు అంది. 28 వచ్చింది. నేను రాసింది 18. ఆ రాత్రి ఆ పెద్దాయనకి ఆక్సిజన్ పెట్టారు. మనిషి పరిస్థితి దిగజారుతుంటే చాలాసార్లు ముందుగా మారేది ఆ ఊపిరి లెక్కేనని నాకు ఆ రోజు పుస్తకం చదివితే కాదు, వాచీ చూస్తే అర్థమైంది.

నీకు వినపడకపోవడానికి నీ పనికిమాలినతనం కారణం అనుకుంటున్నావు. నేనైతే ముందు వేరేవి చూస్తాను. స్టెతస్కోప్ చెవి ముక్కలు ముందుకు తిరిగి ఉన్నాయా, వెనక్కి పెట్టుకున్నావా? కఫ్ చొక్కా చేతి మీదే కట్టేశావా? మోచేతి మడతలో లోపలి వైపు నాడి వేలికి తగిలాకే స్టెతస్కోప్ గుండ్రటి బిళ్ల, అదే డయాఫ్రమ్, అక్కడ పెట్టావా? ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టు, నాడి ఆగిన అంకె గుర్తుపెట్టుకో, గాలి మొత్తం తీసెయ్, కాసేపు ఆగు, మళ్లీ ఆ అంకెకి 30 కలిపి కొట్టి అప్పుడు స్టెతస్కోప్‌తో విను. గాలి వదలడం సెకనుకి 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే, టెన్షన్‌లో ఉన్న పిల్లలు వాల్వ్ ఒక్కసారి తిప్పేస్తారు, సూది సర్రున కిందికి పడిపోతుంది, ఇంక ఏం వినపడుతుంది! పైగా భయంలో మన గుండె చప్పుడే మన చెవుల్లో మోగుతుంటుంది.

కొద్దిపాటి ఒత్తిడి మంచిదే, అది లేకపోతే పరీక్ష ముందురోజు ఎవరూ పుస్తకం తెరవరు. 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద ప్రయోగాలు చేసి చూశారు, పని తేలికైతే గట్టి షాక్ కొట్టినా నేర్చుకుంటాయి, పని కష్టమైనకొద్దీ ఆ గట్టి షాకే అడ్డం పడుతుంది. నీకు బీపీ ఇంకా కష్టమైన పనే. నాలుగు నెలల తర్వాత ఇదే వార్డులో, ఇదే గోలలో, నువ్వు పక్కవాళ్లతో మాట్లాడుతూ చూసేస్తావు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటుంది, నీకు నచ్చదు. మీ ట్యూటర్ దగ్గరికెళ్లి, "ఆ రోజు ఫలానా బెడ్ రీడింగ్ నేను చూసి రాయలేదు మేడమ్, నాకు వినపడలేదు, అడగడానికి భయపడ్డాను" అని చెప్పు. తిడుతుందేమో, తిట్టనీ. ఏ వైద్యంలోనైనా పొరపాటు జరిగితే మొదట నష్టపోయేది రోగి, ఆ తర్వాత లోపల్లోపల నలిగేది ఆ పొరపాటు చేసిన మనిషి. ఆల్బర్ట్ వూ అనే డాక్టర్ 2000లో ఆ మనిషికి 'రెండో బాధితుడు' అని పేరు పెట్టాడు. నీకు నిద్ర పట్టకపోవడం అదే. అది దాచినకొద్దీ పెరిగే రకం. చెప్పేసి, మళ్లీ చూపించమని అడిగి, పది మందికి బీపీ చూడు. ఇంకోటి, ఈ వాక్యం గదిలో తలుపేసుకుని పైకి అని చూసుకో, నాలుగుసార్లు: "సిస్టర్, రెండుసార్లు చూశాను, నాకు వినపడలేదు, ఒకసారి మీరు చూస్తారా?" నవ్వులాటకి అనడం లేదు. నోటికి అలవాటు లేని మాట భయంలో అస్సలు రాదు. ఆత్మవిశ్వాసం అంటే తల ఎత్తుకుని నడవడం అని మనకి ఎవరో నేర్పారు, వార్డులో మాత్రం అది చాలావరకు ఈ ఒక్క వాక్యమే.

ప్రశ్న: మేడమ్, స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ చేతికి కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి పెట్టే సన్నటి గొట్టం) కళ్లు మూసుకుని పెట్టేస్తాను. పేషెంట్ దగ్గర, అందులోనూ మా సార్ పక్కన నిలబడితే, చెయ్యి వణికిపోతుంది. మోటివేషన్ వీడియోలు చూస్తే రెండు రోజులు ధైర్యంగా ఉంటుంది, తర్వాత మామూలే. ఆత్మవిశ్వాసం పెరగడానికి ఏదైనా చిట్కా చెప్పండి.

జవాబు: ముందు కళ్లు తెరిచి పెట్టడం మొదలుపెట్టు బాబూ! బొమ్మకి నొప్పి తెలీదు, ముఖం ముడుచుకోదు, వీన్ (సిర) పక్కకి జారిపోదు. అక్కడ వచ్చిన ధైర్యం అక్కడికే.

వీడియోల సంగతి నువ్వే చెప్పావు, రెండు రోజులు. మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఈ విషయమే రాశాడు, ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని: స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఎవరైనా నువ్వు చేయగలవని చెప్పడం, మన ఒంట్లో జరిగేదాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో గట్టిది మొదటిది. వీడియో మూడోది, అదీ నిన్నెరగని మనిషి చెప్పింది, అందుకే నిలబడలేదు. రెండోదానిలో 'మనలాంటివాళ్లు' అన్న మాట పట్టుకో. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న సిస్టర్ ఒక్క దెబ్బకి పెడితే చూసి మనకి నోరు తెరుచుకుంటుందే తప్ప ధైర్యం రాదు. నీ బ్యాచ్‌మేట్ తడబడుతూ, ఒకసారి మిస్సయి, రెండోసారి పెడితే వస్తుంది. అప్పుడు పక్కనే నిలబడు, ట్రే పట్టుకో.

పని ముక్కలు చేసుకో. ఒక వారం కేవలం వీన్ వెతుకు: చేతికి బిగించే పట్టీ, అదే టూర్నికే, కట్టు, వేలితో తడుము, మెత్తగా స్పంజిలా తిరిగి లేచేది వీన్, కొట్టుకుంటుంటే అది ధమని, దాని జోలికి పోవద్దు. ఖాళీగా ఉన్నప్పుడు స్నేహితుల చేతులు చాలు, సూది అక్కర్లేదు. తర్వాత వారం ట్రే నువ్వు సర్ది, పేషెంట్‌తో మాట్లాడి, చర్మం శుభ్రం చేసే దాకా నీది, గుచ్చడం స్టాఫ్‌ది. ఆ తర్వాత మీ సార్‌ని అడిగి, చేతి మీద తాడులా కనిపించే వీన్ ఉన్న మనిషితో మొదలుపెట్టు. నీరసించిపోయిన ముసలావిడతో మొదలుపెట్టి, దొరక్కపోతే నాకు చేతకాదు అనుకోవడం మొదటిరోజే కొండెక్కి ఆయాసపడడం లాంటిది. చర్మం కింది వైపుకి లాగి పట్టుకో, వీన్ జారదు. రక్తం వెనక్కి కనపడగానే సంబరపడి ఆగిపోకు, కోణం తగ్గించి ఇంకాస్త ముందుకి పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టం ఒక్కటే జరుపు. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే సూది ఒక్కటే కాదు, ట్రే మొత్తం ఇంకొకరి చేతికి ఇచ్చెయ్. మూడోసారి నీ పంతం కోసం ఆ మనిషి చెయ్యి వాడుకోకూడదు.

వణుకు గురించి: గుచ్చే ముందు ముంజేతిని బెడ్ మీద ఆనించు, సగం వణుకు అక్కడే పోతుంది. మిగతా సగానికి ఊపిరి, లోపలికి నాలుగు లెక్కపెడితే బయటికి ఆరు, మూడు నాలుగుసార్లు. ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతున్నప్పుడు గుండె వేగం తగ్గుతుంది, ఇది ఎవరి ఒంట్లోనైనా జరిగేదే. మీ సార్‌తో కూడా చెప్పొచ్చు, "కాస్త ఇటుపక్క నిలబడండి సార్, నా చేతిమీదికి వంగితే నాకు టెన్షన్" అని. నాకు ఒక అమ్మాయి ఆ మాట అంది ఒకసారి. నేను పక్కకి జరిగాను, ఆమె పెట్టేసింది, తర్వాత ఎవరి దగ్గర నిలబడినా ఎంత దూరంలో నిలబడాలో చూసుకునేదాన్ని.

ప్రశ్న: ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే ఏడవకుండా ఉండడమా? దానికి పరీక్ష ఏమైనా ఉందా?

జవాబు: కాదు. ఎదుటివాళ్ల, మన మనసులో ఏముందో గుర్తుపట్టడం, అది ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడం, దాన్ని ఆలోచనకి వాడుకోవడం, అదుపులో పెట్టుకోవడం. సాలొవీ, మేయర్ అనే ఇద్దరు 1990లో దీని మీద రాశారు, 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అందరి నోళ్లలో పడింది. పరీక్షలు రెండు రకాలు. ఒకటి ముఖాల ఫొటోలు, సందర్భాలు ఇచ్చి జవాబు రాబట్టేది. రెండోది 'నేను ఇతరుల బాధ ఇట్టే గ్రహిస్తాను' లాంటి వాక్యాలకి నువ్వే మార్కులు వేసుకునేది. రెండో రకంలో నీ స్కోరు కొంచెం నీ మీద నీకున్న అభిప్రాయం కూడా, కాబట్టి ఎక్కువొచ్చిందని పొంగిపోకు, తక్కువొచ్చిందని కుంగిపోకు. ఆత్మగౌరవానికి 1965 నాటి రోసెన్‌బర్గ్ కొలమానం, ఒత్తిడికి 1983 నాటి కోహెన్ కొలమానం కూడా ఉన్నాయి, మీ కాలేజీలో ప్రాజెక్టుల పేరుతో సీనియర్లు పంచే కాగితాల్లో తరచూ అవే ఉంటాయి. నిజాయితీగా నింపండి, పక్కవాళ్లది చూసి రాయకండి దయచేసి.

ప్రశ్న: స్టాఫ్ సిస్టర్ ఒకావిడ నన్ను పేషెంట్ల ముందే అరుస్తుంది. డ్రెసింగ్ ట్రేలో ఫోర్సెప్స్ మర్చిపోతే "ఎవరు చేర్చుకున్నారే నిన్ను" అంది. బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చి వస్తున్నాను. ఫ్రెండ్స్ నువ్వు మరీ సెన్సిటివ్ అంటున్నారు.

జవాబు: ఆవిడ మాటలో రెండు ముక్కలున్నాయి. ఫోర్సెప్స్ మర్చిపోయావు అన్నది నీకు పనికొచ్చేది, చీటీ మీద రాసి జేబులో పెట్టుకో. ఎవరు చేర్చుకున్నారే అన్నది ఆవిడది, ఆవిడకి ఆ రోజు ఎంతమంది పేషెంట్లో, ఎన్ని గంటల నుంచి నిలబడి ఉందో మనకి తెలీదు. తెలిసినా ఆ మాట తప్పే, అలసటకి జాలి పడదాం కానీ అవమానానికి సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు.

ఏడుపు రావడం సెన్సిటివ్ అవడం అని నేననుకోను. ఏడ్చేముందు ఒక్క క్షణం, ఇది కోపమా, సిగ్గా, భయమా అని నీకు నువ్వు పేరు పెట్టుకుని చూడు. లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం 2007లో మెదడు స్కాన్లు తీసి చూస్తే, భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా చురుకుదనం తగ్గింది. నా అనుభవంలో ఆ పేరు తేలేసరికి ఏం చెయ్యాలో కూడా సగం తేలిపోతుంది. సిగ్గైతే ట్రే మళ్లీ సర్దుకోవాలి. కోపమైతే మాట్లాడాలి.

మాట్లాడడం అప్పుడే, అక్కడే వద్దు. డ్యూటీ అయ్యాక, ఆవిడ కూర్చున్నప్పుడు, "సిస్టర్, ఫోర్సెప్స్ మర్చిపోవడం నా తప్పే. పేషెంట్ల ముందు అరిస్తే తర్వాత వాళ్లు నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. పక్కకి పిలిచి చెప్తారా?" అను. కొంతమంది మెత్తబడతారు, కొంతమంది ఇంకా అరుస్తారు. అరిస్తే, రోజూ నువ్వే దొరుకుతుంటే, తారీఖు, టైమ్, అన్న మాట అన్నట్టుగా రాసిపెట్టుకుని మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించు. అది చాడీలు చెప్పడం కాదు, భయపడ్డ స్టూడెంట్ డోసు మీద అనుమానం వచ్చినా అడగదు, ఆ నష్టం పేషెంట్‌ది. ఇక ఆ ఫ్రెండ్స్... వాళ్లని కూడా ఏదో ఒక రోజు ఆవిడ పిలుస్తుంది, అప్పుడు చూద్దాం.

ప్రశ్న: నేను చూసుకున్న పేషెంట్ నా డ్యూటీలోనే చనిపోయారు. సీపీఆర్ చేస్తుంటే నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆ ముందురోజే ఆవిడకి నేను జుట్టు దువ్వాను. దువ్వెన ఇంకా లాకర్ పక్కన అలానే ఉంది. నాకు ఎందుకింత బాధ, బంధువు కూడా కాదు కదా?

జవాబు: జుట్టు దువ్వాక బంధువు కాకుండా ఎలా పోతుంది తల్లీ.

మొదటిసారి కళ్లముందు ప్రాణం పోతే చాలామంది గోడకే ఆనుకుంటారు, నేను సింక్ దగ్గర కుళాయి తిప్పి నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాను. బిగుసుకుపోవడం ఒంటికి తెలిసిన పద్ధతుల్లో ఒకటి, చేతకానితనం కింద రాసుకోకు. తర్వాతిసారి ఆ టీమ్‌లో నీకు ఒక చిన్న పని ఇమ్మని అడుగు, టైమ్ రాయడం, ట్రాలీ దగ్గర అందివ్వడం, ఏదో ఒకటి. చేతిలో పని ఉంటే కాళ్లు కదులుతాయి.

ఆ రోజు ఆ కేసులో ఉన్న ఎవరితోనైనా కూర్చుని, మొదట్నుంచి ఏం జరిగిందో ఒక్కసారి చెప్పుకో. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపు. కొందరికి మాట కంటే రాత తేలిక, కాగితం మీద పదిహేను నిమిషాలు రాసి చింపేసినా పర్లేదు. ఆ దువ్వెన వార్డు సిస్టర్‌కి ఇచ్చి, వాళ్లవాళ్లు అడుగుతారేమో కనుక్కోమను. కొన్ని వారాలైనా అదే దృశ్యం కలలోకొస్తూ, వార్డు గుమ్మం దగ్గరే గుండె దడ పుడుతుంటే, అన్నం, నిద్ర పోతే, కాలేజీ కౌన్సెలర్ దగ్గరికో మానసిక వైద్యుడి దగ్గరికో వెళ్లు. నేనూ చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం వారాలు లెక్కపెట్టకు, ఆ రోజే పక్కనున్న మనిషికి చెప్పు.

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ మొదటి సంవత్సరం. రోజూ ఫోన్‌లో ఏడుపు, మానేస్తానంటుంది. క్లాసులో ఫస్టే, వార్డుకెళితే తనకేం రాదంటుంది. నేను ధైర్యం చెప్పినకొద్దీ ఇంకా ఏడుస్తుంది. ఏం మాట్లాడాలో తెలియడం లేదండీ.

జవాబు: మీరు ధైర్యం చెప్పడం తగ్గించండి. "నువ్వు తెలివైనదానివి, నీకేం తక్కువ" అన్న మాట తనకి వినపడేటప్పుడు "అమ్మకి నేను చెప్పేది అర్థం కావడం లేదు" అని వినపడుతుంది. అందుకే ఏడుపు పెరుగుతోంది.

పుస్తకంలో ఫస్ట్ రావడం వేరు, వార్డు వేరు. నర్సులు పని ఎలా నేర్చుకుంటారో 1984లో పాట్రిషియా బెన్నర్ ఐదు మెట్లుగా రాసింది, కొత్త మనిషి నుంచి నిపుణురాలి దాకా. అందులో మూడో మెట్టు, అంటే తడబడకుండా తన పని తాను చేసుకునే స్థాయి, చదువైపోయి ఒకేచోట రెండు మూడేళ్లు పనిచేశాక వస్తుందంది. మీ అమ్మాయి మొదటి మెట్టు మీద నిలబడి పై మెట్టు సిస్టర్లతో పోల్చుకుంటోంది. ఇది మీరు ఉపన్యాసంలా చెప్పకండి, ఈ పేజీ ఫొటో తీసి పంపితే చాలు.

ఫోన్‌లో "ఎలా ఉంది" అని అడిగితే బాగాలేదనే వస్తుంది. "ఇవాళ ఏ పేషెంట్‌ని చూశావు? ఆవిడ ఏం మాట్లాడింది? నిన్న రానిది ఇవాళ ఏమైనా వచ్చిందా?" అని అడిగి ఊరుకోండి, తను చెప్పేదాకా ఆగండి, మౌనంగా ఉన్నా ఫోన్ పెట్టేయకండి. ఎన్ని గంటలు పడుకుంటోందో అడగండి, నైట్ పోస్టింగ్ అయిన మర్నాడు పొద్దున తీసుకున్న నిర్ణయాలేవీ నమ్మొద్దు, మానేస్తానన్నది కూడా.

అయినా కొందరికి ఈ పని నిజంగానే సరిపడదు, అది కూడా పాపమేం కాదు. ఒక పోస్టింగ్ మొత్తం అయ్యాక, బాగా నిద్రపోయిన ఒక సెలవు రోజున, ఎదురుగా కూర్చుని అడగండి: పని నచ్చడం లేదా, ఆ వార్డులో మనుషులు నచ్చడం లేదా, తప్పు చేస్తానన్న భయమా. మూడోది అంటే, ఈ పేజీలో మొదటి ఉత్తరం తనకి చదివి వినిపించండి.